జోంగా: సైన్యం వదిలిన ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌ను కాపాడుకోవడం ఎలా?

భారత క్రికెట్ జట్టు మాజీ కెప్టెన్ మహేంద్ర సింగ్ ధోనీ 2019లో రాంచీ వీధుల్లో ఒక పాత సైనిక వాహనాన్ని నడుపుతూ కనిపించారు. ఆ వాహనం పేరు జోంగా.

ఆ దృశ్యాలు చూసిన యువతరంలో చాలామందికి ఆ పేరు కొత్త. సైన్యంలో పనిచేసి పదవీ విరమణ చేసిన వారికి మాత్రం అది బాగా పరిచయమైన పేరు. కొండదారుల్లోనూ, ఎడారి ఇసుకలోనూ మూడు దశాబ్దాల పాటు సైనికులను మోసిన బండి అది.

సైన్యం వేలం వేసిన జోంగాలు కొన్ని ఇప్పుడు ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉన్నాయి. అయితే వాటిలో చాలా బండ్ల బానెట్ ఎత్తి చూస్తే అసలు ఇంజిన్ కనిపించదు. దాని స్థానంలో ఏదో ఒక డీజిల్ ఇంజిన్ ఉంటుంది.

ఇలా తీసేసిన ఇంజిన్లన్నీ నిజంగా పని అయిపోయినవేనా? చిన్నపాటి సవరణతో తిరిగి నడిచేవాటిని కూడా పాతబడ్డాయన్న ఒక్క కారణంతో పక్కన పడేస్తున్నారా? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందుగా ఆ ఇంజిన్ స్వభావం తెలియాలి.

జోంగా ఎక్కడి నుంచి వచ్చింది?

జోంగా అన్నది జబల్‌పుర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే ఆంగ్ల మాటల నుంచి కూర్చిన పొట్టి పేరు. జపాన్‌కు చెందిన నిస్సాన్ సంస్థ తయారుచేసిన 60 సిరీస్ పాట్రోల్ వాహనమే దీనికి మూలం.

నిస్సాన్ ఇచ్చిన అనుమతితో 1960ల నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పుర్‌లో ఈ వాహనాలను రూపొందించారు. అక్కడి వెహికల్ ఫ్యాక్టరీని 1969లో నెలకొల్పారు. అదే ఇంజిన్‌తో నిస్సాన్ ఒక టన్ను ట్రక్కులు కూడా అక్కడ తయారయ్యాయి.

సైనికుల రవాణా మొదలుకొని 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకీని మోయడం వరకూ జోంగాను రకరకాల పనులకు వాడారు. 1990లలో మారుతి జిప్సీ వంటి తేలికపాటి వాహనాలు రావడంతో దీని పాత్ర క్రమంగా తగ్గిపోయింది.

ఇంజిన్ మూలాలు ఇంకా వెనక్కి వెళ్తాయి. నిస్సాన్ 1936లో అమెరికాకు చెందిన గ్రాహం-పేజ్ సంస్థ నుంచి కారు డిజైన్‌ను, తయారీ యంత్రాలను కొనుగోలు చేసింది. నిస్సాన్ తొలితరం పెద్ద ఆరు సిలిండర్ల ఇంజిన్లు ఆ కొనుగోలు నుంచి పుట్టినవే.

ఆ వంశం గుర్తులు జోంగా ఇంజిన్ కొలతల్లోనూ కనిపిస్తాయి. ఇందులో పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 114.3 మిల్లీమీటర్లు. అది కచ్చితంగా నాలుగున్నర అంగుళాలు. మెట్రిక్ కొలతలు వాడే జపాన్ ఇంజిన్‌లో అమెరికన్ అంగుళాలు అలా మిగిలిపోయాయి.

అంకెలు ఏం చెబుతున్నాయి?

ఈ ఇంజిన్‌ను నిస్సాన్ 'పి' ఇంజిన్‌గా పిలిచేది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. సిలిండర్ వ్యాసం 85.7 మిల్లీమీటర్లు. ఆరు సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం 3,956 సీసీ.

మారుతి 800 కారు ఇంజిన్ 796 సీసీ. అంటే జోంగా ఇంజిన్ దానికి దాదాపు ఐదు రెట్లు పెద్దది. ఇందులో ఒక్క సిలిండరే సుమారు 659 సీసీ ఉంటుంది.

ఇంత పెద్ద ఇంజిన్ ఇచ్చే శక్తి మాత్రం 110 హార్స్‌పవర్ దగ్గరే ఆగుతుంది. నేటి ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజిన్లు కొన్ని అంతకన్నా ఎక్కువ శక్తినిస్తున్నాయి. అలాగని జోంగా ఇంజిన్‌ను బలహీనమైనదిగా భావిస్తే పొరపాటే.

అసలు విషయం ఆ శక్తి ఎప్పుడు అందుతుందన్న దానిలో ఉంది. 110 హార్స్‌పవర్ నిమిషానికి 3,200 చుట్ల వద్ద లభిస్తుంది. చక్రాలను తిప్పే బలం, అంటే టార్క్, సుమారు 264 న్యూటన్ మీటర్లు. అది 1,200 చుట్ల వద్దే అందుతుంది. ఇంజిన్ నింపాదిగా తిరుగుతున్నప్పుడే దాని పూర్తి బలం బయటికి వస్తుందన్నమాట.

సిలిండర్ వ్యాసం కన్నా పిస్టన్ నడిచే దూరం ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణం. వాల్వులు, కార్బురేటర్, క్యామ్‌షాఫ్ట్‌లను కూడా తక్కువ వేగానికి తగ్గట్టే అమర్చారు. బురదలోనో ఇసుకలోనో ఇరుక్కున్న బండికి కావాల్సింది వేగం కాదు, ఆగిపోకుండా లాగే బలం.

అయితే ఇదే కొలత ఈ ఇంజిన్‌కు ఒక హద్దు కూడా గీస్తుంది. 3,200 చుట్ల వద్ద పిస్టన్ సగటు వేగం సెకనుకు 12 మీటర్లు దాటుతుంది. బరువైన పాత పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు ఉన్న ఇంజిన్‌కు అది తక్కువ వేగమేమీ కాదు. హైవే మీద కొత్త కార్లతో పోటీపడి జోంగాను పరుగెత్తించడం అంటే బేరింగుల ఆయుష్షును చేతులారా తగ్గించడమే.

ఆరు సిలిండర్లు వరుసగా ఉంటే లాభమేంటి?

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకొకసారి మండుతుంది. ఆరు సిలిండర్లు ఉన్నప్పుడు క్రాంక్‌షాఫ్ట్ 120 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్ మండుతుంది. అందువల్ల శక్తి కుదుపులు లేకుండా, ఎడతెగని ప్రవాహంలా అందుతుంది.

ఈ అమరికలో పిస్టన్ల కదలిక వల్ల పుట్టే బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో సహజంగా కనిపించే ప్రకంపన ఇందులో ఉండదు. సరిగ్గా ఉన్న ఆరు సిలిండర్ల ఇంజిన్ నిలకడగా నడుస్తున్నప్పుడు పక్కన నిలబడితే చప్పుడు వినిపిస్తుంది కానీ వణుకు తెలియదు.

సిలిండర్లు మండే క్రమం 1-5-3-6-2-4. డిస్ట్రిబ్యూటర్ నుంచి ప్లగ్గులకు వెళ్లే వైర్లను ఇదే వరుసలో, రోటర్ తిరిగే దిశలో అమర్చాలి. రెండు వైర్లు తారుమారైనా ఇంజిన్ నడిచే అవకాశం ఉంది. కానీ కుంటుతూ, సైలెన్సర్‌లో పేలుతూ, పెట్రోల్ తాగేస్తూ నడుస్తుంది.

పాత ఇంజిన్ల విషయంలో జరిగే చాలా పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. తప్పు వైర్లలో ఉంటే నింద ఇంజిన్ మీద పడుతుంది.

మొదటి శత్రువు వేడి

ఇనుముతో పోతపోసిన ఈ ఇంజిన్ చాలా కష్టాలు ఓర్చుకుంటుంది. వేడెక్కడాన్ని మాత్రం ఓర్చుకోలేదు. ఇంజిన్ ఒక్కసారి అతిగా వేడెక్కితే సిలిండర్ హెడ్ వంగవచ్చు, పగలవచ్చు, హెడ్ గాస్కెట్ కాలిపోవచ్చు.

రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నారన్నది ఇక్కడ ముఖ్యమైన విషయం. తెలుగు రాష్ట్రాల్లోని చాలా ప్రాంతాల్లో బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. టీ కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే ఇంజిన్ లోపలి నీటి దారుల్లోనూ పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు.

శుద్ధిచేసిన డిస్టిల్డ్ నీటిలో తగిన పాళ్లలో కూలెంట్ కలిపి వాడటం దీనికి పరిష్కారం. కూలెంట్ గడ్డకట్టకుండా కాపాడటానికే కాదు, తుప్పు పట్టకుండా ఆపడానికీ, నీరు మరిగే ఉష్ణోగ్రతను పెంచడానికీ ఉపయోగపడుతుంది.

ఇంజిన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను పూర్తిగా తీసేయడం మన షెడ్లలో తరచూ కనిపించే పద్ధతి. థర్మోస్టాట్ చెడిపోయి ఉంటే కొత్తది వేయాలి. అది లేకుండా నడిపితే ఇంజిన్ సరైన ఉష్ణోగ్రతకు చేరడం ఆలస్యమవుతుంది. పెట్రోల్ ఎక్కువ ఖర్చవుతుంది, సిలిండర్ల అరుగుదల పెరుగుతుంది. పైగా అసలు లోపం దాగిపోతుంది.

ఫ్యాన్ బెల్టు బిగుతు, నీటి పంపు సీలు, రేడియేటర్ మూత స్ప్రింగ్, రబ్బరు గొట్టాలను వరుసగా పరీక్షించాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు. ఒత్తిడితో ఉన్న వేడినీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలే ప్రమాదం ఉంది.

ఆయిల్ విషయంలో ఏం గుర్తుంచుకోవాలి?

పాత ఇంజిన్లలో కదిలే భాగాల మధ్య ఖాళీ నేటి ఇంజిన్లకన్నా ఎక్కువగా ఉంటుంది. అందుకే కొత్త కార్లలో వాడే పలుచని ఆయిల్ వీటికి సరిపడదు. మన వాతావరణంలో 20డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-50 వంటి చిక్కటి మినరల్ ఆయిల్‌ను వాడటం సాధారణ పద్ధతి.

ఇందులో మరో మెలిక ఉంది. ఈ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు ఒకదాని మీద ఒకటి నేరుగా రాసుకుంటూ పనిచేస్తాయి. జింకు, ఫాస్ఫరస్ ఉన్న పదార్థం ఆయిల్‌లో కలిసి ఉంటే అది వాటి మధ్య రక్షణ పొరగా నిలుస్తుంది.

పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్లను ఈ పదార్థం దెబ్బతీస్తుంది. అందువల్ల కొత్త కార్ల కోసం తయారుచేసే ఆయిల్‌లో దీని పాళ్లు తగ్గించారు. పాత ఇంజిన్‌కు ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీది ధరతో పాటు ఈ వివరం కూడా చూడాలి.

తక్కువ తిరిగే బండికి ఆయిల్ మార్చాల్సిన అవసరం లేదన్నది ఒక అపోహ. కొద్దిదూరం నడిపి ఆపేసే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. నీటి తేమ, పెట్రోల్ ఆయిల్‌లో కలిసి అలాగే ఉండిపోతాయి. అవి బేరింగులను తినేస్తాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగినా, తిరగకపోయినా ఏడాదికి ఒకసారైనా ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మార్చడం మంచిది.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసినట్లు తెల్లగా కనిపిస్తే తేమ చేరినట్లు అర్థం. రేడియేటర్‌లో నీరు కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి.

ట్యాపెట్ చప్పుడు మంచిదా, చెడ్డదా?

ఈ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ కింద ఉంటుంది, వాల్వులు పైన ఉంటాయి. పొడవాటి పుష్‌రాడ్లు, రాకర్లు ఈ రెంటినీ కలుపుతాయి. వేడికి లోహం వ్యాకోచిస్తుంది కాబట్టి రాకర్‌కూ వాల్వుకూ మధ్య కొద్దిపాటి సందు ఉంచుతారు. దీన్ని సరిచేయడాన్నే మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగ్ అంటారు.

సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు వస్తుంది. వాల్వు పూర్తిగా తెరుచుకోదు, శక్తి తగ్గుతుంది. సందు తక్కువైతే చప్పుడు ఉండదు, అందుకే అందరూ సంతోషిస్తారు. కానీ ప్రమాదం ఉన్నది అక్కడే.

సందు లేని వాల్వు పూర్తిగా మూసుకోదు. మండుతున్న వాయువులు దాని అంచు నుంచి తప్పించుకుంటాయి. కొద్ది రోజుల్లోనే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. అందుకే చప్పుడు చేసే ట్యాపెట్ కన్నా చప్పుడు చేయని ట్యాపెట్‌ను చూసి భయపడాలన్నది పాత ఇంజిన్ల విషయంలో మెకానిక్కులు పాటించే సూత్రం.

ఈ కొలతను చెవితో కాకుండా ఫీలర్ గేజ్‌తో తీసుకోవాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కొలవాలా, చల్లగా ఉన్నప్పుడు కొలవాలా, ఎంత సందు ఉంచాలి అన్నది తయారీదారు మాన్యువల్‌లో చూసుకోవాలి. చల్లని ఇంజిన్‌కు చెప్పిన కొలతను వేడి ఇంజిన్‌కు వాడితే లెక్క తప్పుతుంది.

నిప్పురవ్వ సరిగ్గా పడుతోందా?

ఈ ఇంజిన్‌లో కంప్యూటర్ ఉండదు. డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్లు తెరుచుకున్న క్షణంలో కాయిల్‌లో అధిక వోల్టేజీ పుట్టి, ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పడుతుంది. పాయింట్లు అరిగే కొద్దీ వాటి మధ్య ఖాళీ మారుతుంది. దాంతో పాటే రవ్వ పడే సమయమూ మారిపోతుంది.

ఈ తరం ఇంజిన్లలో పాయింట్ల మధ్య ఖాళీ సాధారణంగా అర మిల్లీమీటరు పరిసరాల్లో ఉంటుంది. ప్లగ్గుల ఖాళీ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల వరకూ ఉంటుంది. ముందు పాయింట్లను సరిచేసి, ఆ తర్వాతే టైమింగ్ సరిచేయాలి. ఈ వరుస మారితే చేసిన పని వృథా అవుతుంది.

పాయింట్లు పదేపదే కాలిపోతుంటే వాటిని మార్చుకుంటూ పోవడం వల్ల ఉపయోగం లేదు. కండెన్సర్‌ను పరీక్షించాలి. పెద్దగా ఖరీదు లేని ఈ భాగం పాడైతే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

విప్పిన ప్లగ్గులు లోపలి కబుర్లు చెబుతాయి. లేత గోధుమ రంగులో ఉంటే మంట బాగున్నట్లు. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువగా వెళ్తున్నట్లు. నూనె జిడ్డు ఉంటే ఆయిల్ లోపలికి చేరుతున్నట్లు. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోల్ చాలకో, వేడి ఎక్కువయ్యో ఇంజిన్ ఇబ్బంది పడుతున్నట్లు. ఆరు ప్లగ్గులనూ తీసిన వరుసలోనే పేర్చి చూస్తే ఏ సిలిండర్‌లో తేడా ఉందో తెలిసిపోతుంది.

సీసం పోయింది, ఇథనాల్ వచ్చింది

ఈ ఇంజిన్‌ను రూపొందించిన కాలంలో పెట్రోల్‌లో సీసం కలిపేవారు. అది ఇంజిన్‌లో అకాల దహనాన్ని నివారించడంతో పాటు వాల్వు, అది కూర్చునే సీటు మధ్య పలుచని మెత్తగా పనిచేసేది. ప్రజారోగ్యానికి, ముఖ్యంగా పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం తీవ్ర హాని చేస్తుంది కాబట్టి భారత్‌లో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోల్ అమ్మకాలను దేశవ్యాప్తంగా నిలిపివేశారు.

సీసం లేని పెట్రోల్‌తో ఎక్కువ బరువు, ఎక్కువ వేగంతో నడిపినప్పుడు పాత ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వు సీటు క్రమంగా అరిగిపోవచ్చు. వాల్వు కిందికి కూరుకుపోయే కొద్దీ ట్యాపెట్ సందు తగ్గుతూ వస్తుంది. సరిచేసిన కొద్ది రోజులకే సందు మళ్లీ మళ్లీ తగ్గుతుంటే ఇదే కారణం కావచ్చు. హెడ్ విప్పిన సందర్భంలో గట్టి లోహంతో చేసిన కొత్త సీట్లను లేత్ షాపులో బిగించడం దీనికి శాశ్వత పరిష్కారం.

రెండో మార్పు ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ విక్రయాలు 2023 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2025 నాటికి దేశంలో ఇదే సాధారణ పెట్రోల్‌గా మారింది.

కార్బురేటర్ ఇంజిన్ దీన్ని తనంతట తానుగా గుర్తించలేదు. కిలో పెట్రోల్ పూర్తిగా మండటానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కొత్త కార్లలో సెన్సర్లు ఈ తేడాను కొలిచి ఇంధనాన్ని పెంచుతాయి. కార్బురేటర్‌లోని జెట్టు మాత్రం పాత కొలతలోనే ఇంధనాన్ని వదులుతుంది. ఫలితంగా మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి, శక్తి తగ్గడం, తడబడటం, వేడెక్కడం వంటి లక్షణాలు కనిపించవచ్చు.

లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఆ లెక్కన ఈ20లో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. సాధారణంగా లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే ఇచ్చే బండికి ఇది అదనపు భారం.

అంతకన్నా ముఖ్యమైనది రబ్బరు. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పెట్రోల్ పంపు డయాఫ్రం, కార్బురేటర్ గాస్కెట్లు ఇథనాల్ తగిలితే ఉబ్బవచ్చు, పగలవచ్చు. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారితే మంటలు అంటుకోవచ్చు. ఇథనాల్‌ను తట్టుకునే రకం గొట్టాలు, డయాఫ్రంలను వేయించడం ఖర్చు కోసం వాయిదా వేయదగిన పని కాదు.

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు చేరి తుప్పు పట్టిస్తాయి. బండిని ఎక్కువకాలం ఆపి ఉంచాల్సి వస్తే కార్బురేటర్‌ను ఖాళీ చేయడం, ట్యాంకులో పాత పెట్రోల్‌ను నిల్వ ఉంచకపోవడం మేలు.

విప్పే ముందు కొలవాలి

బండి లాగడం లేదు, పొగ వస్తోంది అనగానే చాలా షెడ్లలో వినిపించే మాట, ఇంజిన్ దించాలి అని. కానీ ఇంజిన్ దించే ముందే దాని ఆరోగ్యాన్ని తెలిపే పరీక్షలు ఉన్నాయి.

మొదటిది కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్‌ను వేడిచేసి, ఆరు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని స్టార్టర్ తిప్పాలి. ఒక్కో సిలిండర్ ఒత్తిడిని గేజ్‌తో కొలిచి రాసుకోవాలి. ఇగ్నిషన్ కాయిల్ వైరును ముందే తొలగించాలి.

ఆరు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా, పది శాతం తేడా లోపు ఉంటే సాధారణంగా ఆందోళన అవసరం లేదు. ఒక సిలిండర్‌లో ఒత్తిడి బాగా తగ్గితే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులు లేదా సిలిండర్ అరిగినట్లు. పెరగకపోతే తప్పు వాల్వుల్లో ఉన్నట్లు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలోనూ తక్కువగా ఉంటే వాటి మధ్య గాస్కెట్ పోయి ఉండవచ్చు.

ఈ తేడా డబ్బుతో ముడిపడి ఉంది. వాల్వుల పని అయితే హెడ్ ఒక్కటి విప్పితే చాలు. రింగుల పని అయితే ఇంజిన్ మొత్తం విప్పి, అవసరమైతే రీబోరు చేయించాలి. పరీక్ష చేయకుండా మొదటిదాన్ని రెండోదిగా భావిస్తే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రెండోది వాక్యూమ్ గేజ్ పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల మధ్య స్థిరమైన రీడింగ్ చూపుతుంది. ఇది సముద్రమట్టం వద్ద లెక్క. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో అదే ఇంజిన్ దాదాపు రెండు అంగుళాలు తక్కువ చూపినా అది లోపం కాదు. విశాఖపట్నంలో అంత తగ్గితే మాత్రం కారణం వెతకాలి. ముల్లు ఒక లయలో ఊగుతుంటే ఏదో ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదని అర్థం.

ఇలా కొలిచి నిర్ణయించే క్రమశిక్షణ సైన్యంలో ఉండేది. సైనిక వాహనాల నిర్వహణను ఈఎంఈ విభాగం చూసుకుంటుంది. సికింద్రాబాద్‌లోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్ ఆ విభాగానికి చెందిన ప్రధాన శిక్షణ కేంద్రం. బండితో పాటు సర్వీసు రికార్డును కూడా నిర్వహించడం సైన్యంలో తప్పనిసరి. వేలంలో కొన్న బండికి ఆ అలవాటు కొనసాగదు. కొత్త యజమాని ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, కిలోమీటర్లు, కొలతలు రాసుకుంటే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఈ పనులన్నిటిలోనూ కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. పెట్రోల్ లైన్లు విప్పే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి. పాతకాలపు గాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని పొడిగా గీకడం, ఆ ధూళిని పీల్చడం ప్రమాదకరం.

డీజిల్ ఇంజిన్ పెడితే పోయేదేంటి?

పెట్రోల్ ఖర్చు చూసి డీజిల్ ఇంజిన్ వైపు మొగ్గే యజమానుల ఇబ్బంది నిజమైనదే. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఇచ్చే బండిని రోజూ నడపడం సామాన్యులకు సాధ్యం కాదు. విడిభాగాలు దొరకడమూ ఏటికేడు కష్టమవుతోంది. అయినా నిర్ణయం తీసుకునే ముందు కొన్ని విషయాలు తెలిసి ఉండాలి.

మొదటిది చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 వాహనంలో చేసే మార్పుల గురించి చెబుతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా ఇంజిన్‌నూ ఇంధనాన్నీ అనుమతి లేకుండా మార్చడం చెల్లదు. ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారం విషయంలోనూ ఇది చిక్కులు తెస్తుంది.

రెండోది వింటేజ్ గుర్తింపు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడే ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు ఉంటాయి.

అయితే వాహనం దాని అసలు రూపంలోనే ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదని ఆ నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఈ రోజు పెట్రోల్ ఇంజిన్ తీసేసి పాత ఇనుము కింద అమ్మేసిన జోంగా యజమాని, రేపు ఆ గుర్తింపు కోసం దరఖాస్తు చేసే అవకాశాన్ని కూడా దాంతో పాటే అమ్మేసినట్లే.

ఆ గుర్తింపునకు కూడా పరిమితులున్నాయి. వింటేజ్ వాహనాలను రోజువారీ అవసరాలకు, వ్యాపారానికి నడపడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. మరో సంగతి, సైన్యం వాడే ఆలివ్ గ్రీన్ రంగును ప్రైవేటు వాహనాలకు వేయడాన్ని మోటారు వాహనాల నిబంధనలు అనుమతించవు.

మూడోది సాంకేతికమైనది. జోంగా గేర్‌బాక్స్, ఇంజిన్ మౌంటింగులు, ముందు స్ప్రింగులు నింపాదిగా తిరిగే ఆరు సిలిండర్ల ఇంజిన్ బరువుకు, బలానికి అనుగుణంగా రూపొందాయి. వేరే బరువు, వేరే ప్రకంపనలు ఉన్న ఇంజిన్ పెడితే ఆ భారం మిగతా భాగాల మీద పడుతుంది.

తీసేసే ముందు ఒకసారి

కంప్రెషన్ గేజ్, ఫీలర్ గేజ్, టైమింగ్ లైట్, నాణ్యమైన కూలెంట్, కొత్త పెట్రోల్ గొట్టాలు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఇంజిన్ మార్పిడికి అయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. పరీక్షల తర్వాత కూడా ఇంజిన్ అరిగిపోయిందని తేలితే అప్పుడు రీబోరా, మార్పిడా అన్నది లెక్కలు చూసుకుని నిర్ణయించుకోవచ్చు.

మార్పిడే తప్పదనుకున్నవారు కూడా తీసిన ఇంజిన్‌ను తుక్కు కింద అమ్మకుండా దాచి ఉంచడం మేలు. సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ప్లగ్గులు బిగించి, దుమ్ము, తేమ చేరకుండా మూసి పెడితే అది ఏళ్ల తరబడి పాడవకుండా ఉంటుంది. కనీసం మరో జోంగాకు విడిభాగంగానైనా ఉపయోగపడుతుంది.

జబల్‌పుర్‌లో ఈ ఇంజిన్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. మిగిలి ఉన్నవాటి సంఖ్య ఇకపై తగ్గడమే కానీ పెరిగే అవకాశం లేదు. ఆ సంఖ్య ఎంత వేగంగా తగ్గుతుందన్నది చాలావరకు షెడ్డులో ఇంజిన్ విప్పడానికి ముందు ఎవరైనా గేజ్ పట్టుకుని కొలిచారా లేదా అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.